ఆవిడ నంబరు

“ఈ నెల కూడా ఆవిడ నంబరుకి రీఛార్జి చేశారా?”

అన్నం వడ్డిస్తూ అడిగింది ఆశ్రిత. భర్త చైతన్యకృష్ణ చొక్కా మీద జిన్నింగు మిల్లు దూది ఇంకా అంటుకునే ఉంది.

“చేశాను.”

“నా ఫోను మొన్నటి నుంచి మూగనోము పట్టింది. అది కనబడదు.”

“అయ్యో, మర్చిపోయాను. ఇప్పుడే చేస్తానుండు.”

“ఆవిడది మాత్రం మర్చిపోరు.”

కంచం పక్కనున్న ఫోనులో ఎప్పట్లాగే ఆవిడ కొనుక్కున్న నవల తెరిచి ఉంది. ఎప్పుడు చూసినా సగం దగ్గరే ఉంటుంది. అది దాటి ముందుకు పోడు. వాక్యాల కింద ఆవిడ పెట్టుకున్న పసుపు గీతలు, పక్కన ఆవిడ రాసుకున్న ముక్కలు.

“అంత ఇష్టమైతే ఆ పుస్తకమేదో మీ పేరుతో కొనుక్కోవచ్చుగా?”

“కొంటే పుస్తకం వస్తుంది ఆశ్రితా. తను రాసుకున్నవి రావు. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. అది ఆగిపోతే ఇదీ తెరుచుకోదు.”

తను!

ఆశ్రిత గరిటె గిన్నెలో పడేసింది. “ఆవిడ పుస్తకం, ఆవిడ నంబరు, ఏటా ఆవిడ కోసం మిల్లుకి ఓ రోజు సెలవు. మరి నేనెవర్నండీ ఈ ఇంట్లో?”

“నువ్వింకా తినలేదుగా. కూర్చో,” అన్నాడు మెల్లగా.

జ్యోతిర్మయి గురించి పెళ్ళికి ముందే చెప్పాడతను. ఏదీ దాచలేదు. ఆశ్రిత ఒప్పుకునే చేసుకుంది. ఒప్పుకోవడం వేరు, రోజూ కంచం పక్కన చూడటం వేరు. ఆవిడ ఒక్కసారి ఎదురుపడి గొడవపడినా బాగుండేది. నాలుగు మాటలు అని, నాలుగు పడి, తేల్చుకునేది. ఆవిడ ఒక్క మాటా అనదు. ఊరికే ఆయన వేలి కింద పచ్చగా వెలుగుతూ ఉంటుంది.

ఆదివారం మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పాలని పరుగెత్తుతూ అతను ఫోను ఇంట్లోనే వదిలేశాడు. ఆశ్రిత దాన్ని కొంగులో దాచుకుని, ప్రత్తిపాడు సెంటర్లో కొత్తగా ఫోన్ల కొట్టు పెట్టిన జాన్ బాషా దగ్గరికి వెళ్ళింది.

“ఈ పుస్తకం మా ఆయన పేరు మీదకి మార్చు బాషా.”

అతను చూసి పెదవి విరిచాడు. “ఇవి తాళమేసిన పుస్తకాలక్కా. కొన్నవాళ్ళ పేరు మీదే ఉంటాయి. ఇంకొకళ్ళకి మారవు.”

“కంపెనీకి చెబితే?”

“వేరేవాళ్ళు వాడుతున్నారని తెలిస్తే మొత్తం ఖాతానే మూసేస్తారు. తాళం పగలగొట్టొచ్చనుకోండి. తప్పే, కానీ మీరు ఊఁ అంటే చేస్తా. కాకపోతే ఉత్త పుస్తకమే వస్తుంది. ఈ గీతలు, రాతలు పోతాయి.”

ఆశ్రితకు కావలసింది సరిగ్గా అదే. పుస్తకం ఆయనకుంటుంది. ఆవిడ పోతుంది.

“కానియ్. ఉండుండు, ఒక్కసారి చూసిస్తా.”

ఇన్నాళ్ళూ కడుపుమంటతో ఆ రాతల్లో ఒక్క ముక్కా చదవలేదామె. నవల ఎప్పట్లాగే సగం దగ్గర తెరుచుకుంది. చివరి పసుపు గీత పక్కన రెండే మాటలు. ‘మిగతాది రేపు.’

కింద తేదీ ఉంది. దాని మర్నాడే ఆయన ఏటా సెలవు పెట్టేది.

తర్వాతి పేజీలు తిప్పింది. ఎక్కడా ఒక్క గీత లేదు.

“ఇవ్వండక్కా, పని కానిద్దాం.”

“వద్దు బాషా. తాళం ఉండనీ.”

“అదేంటక్కా, మళ్ళీ ఏమైంది?”

“ఒక నంబరు చెబుతా, ఏడాదికి సరిపడా రీఛార్జి చెయ్యి.”

“మీదా?”

“మా అక్కది.”

ఇంటికెళ్ళి, జ్యోతిర్మయి ఫొటోకి కొత్త దండ వేసింది.