ఇంకొక్క అడుగు వెనక్కి

“ఇంకొంచెం వెనక్కి జరగండి! సముద్రం సరిగ్గా పడటం లేదు,” వీడియో తీస్తున్నావిడ అరిచింది.

వీరభద్రరావు నవ్వుతూ ఒకడుగు వెనక్కి వేశాడు. మంగళ గుండె జారిపోయింది.

ముక్కులా సముద్రంలోకి పొడుచుకుపోయిన ఆ నల్లరాతి కొన మీద నిలబడటానికే చోటు తక్కువ. మూడువైపులా నీళ్లు. కాలికింద నాచు. తెల్లారకముందే ఇబ్రా పట్టణం నుంచి బయల్దేరి వచ్చిందంతా ఈ రాళ్ల కోసమే. ఒమాన్‌లో ఇరవయ్యేళ్లుగా జియాలజిస్టు, అయినా రాయి కనిపిస్తే ఆయనకు ఒళ్లు తెలియదు.

“ఇవి చూశారా, తలగడలు పేర్చినట్టు లేవూ?” కాలితో రాయిని తట్టాడు. “సముద్రం అడుగున పొంగిన లావా. చల్లటి నీళ్లు తగిలి ఇలా ఉండలు కట్టింది. కోట్ల ఏళ్లనాటిది!”

“మీకంటే పెద్దదన్నమాట!”

“రెండేళ్లు పెద్దది, డైరెక్టరు గారూ!”

ఆవిడ పకపకా నవ్వింది. మంగళకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణం అంచు మీదుంటే హాస్యాలేమిటి?

దూరంగా పడవ లాగుతున్న జాలరి ఒకతను చేతులెత్తి ఊపుతూ ఏదో కేకేశాడు.

“మిమ్మల్నే పలకరిస్తున్నాడు, చెయ్యి ఊపండి!” అందావిడ. ఆయన ఊపాడు.

అది పలకరింపు కాదని మంగళకు తెలుసు.

“చాలండీ, ఇవతలికి వచ్చేయండి,” అంది. ఆయనకు వినపడలేదు.

“టోపీ తీయండి, ముఖం నల్లగా పడుతోంది.”

“నా ముఖమే అంత.”

“చాల్లెండి! ఇంకొక్క అడుగు వెనక్కి. ఒక్కటే.”

“వద్దు!” అంది మంగళ. ఈ ఒక్కసారికి ఆవిడ మాట వినొద్దు.

ఆయన విన్నాడు. అడుగు వేశాడు.

వెనకాల నీరు లేచింది, ఆయన తలకంటే ఎత్తుగా. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడా నవ్వుతూనే ఉంది.

“ఏమండీ, వెనక...!”

అంతా ఆగిపోయింది. అల గాల్లోనే ఆగింది. ఆయన నవ్వూ ఆగింది.

ఫోను తెర మీద నుంచి రిషిత వేలు తీసింది. “మళ్లీ అదే వీడియోనా అమ్మా? నాన్న పోయి ఏడాదైంది. ఇంకెన్నిసార్లు చూస్తావు? ఇలా ఇవ్వు.”

మంగళ ఇవ్వలేదు. ఫోనును గుండెకు అదుముకుంది.

“ఒక్కసారైనా ఆవిడ నోరు మూయించవే,” అంది.

రిషిత తల్లి పక్కన కూలబడిపోయింది.

వీడియోలోని ఆ గొంతు మంగళదే.