ఏ పక్క నొప్పి?

ఎడమ పక్కటెముకల మీద దూది తగలగానే కోడలు "అబ్బా" అని మూలిగింది.

ఆక్యుపంక్చర్ సూదుల డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడేనా మంట?"

"అక్కడేనమ్మా. ప్రాణం పోతోంది."

"నీకు సర్పి లేచింది కుడిపక్కన కదా?"

కోడలి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కళ్ళు మూసుకుని పడుకోవడంలో ఉన్న సుఖంలో పడి, ఏ పక్కన మూలగాలో మరిచిపోయింది మహాతల్లి.

సర్పి రావడం అబద్ధం కాదు. పొక్కులు మాడిపోయినా నరం మంట మాత్రం వదల్లేదు. ఒంటికి బట్ట తగిలితే చాలు, ఎగిరిపడేది. మాత్రలు వాడుతూనే సూదులు కూడా వేయించుకోమని పెద్దాసుపత్రి డాక్టరే పంపాడు. రెండూ కలిసి పనిచేశాయో ఏమో, మంట చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. ఆ సంగతి ఈవిడ ఎవరికీ చెప్పలేదు. ఒంట్లో సూదులున్నంతసేపూ లెమ్మనేవాళ్ళు ఉండరు. నా తువ్వాలేదీ, నా కాఫీ ఏదీ అని అరిచేవాళ్ళు ఉండరు.

"ఎప్పుడు తగ్గింది?" అంది డాక్టరమ్మ.

"పోయిన నెలలోనే."

"మరి చెప్పవేం?"

"చెబితే రావద్దంటారుగా."

డాక్టరమ్మకి నవ్వు రాలేదు. "నిజంగా నొప్పితో అల్లాడేవాళ్ళు బయట కూర్చుని ఉన్నారు. ఇది వాళ్ళ మంచం. ఇవాళ సూదులు లేవు, లే. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు మానెయ్యకు, డాక్టర్ని అడుగు. మీ అత్తగారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

అత్తగారి పేరెత్తేసరికి కోడలికి కలుక్కుమంది. ఇన్నాళ్ళూ ఏ సూదీ అంత లోతుకి దిగలేదు. పాపం ఆవిడ, మోకాలు నొప్పితో కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఉస్సురంటూ, తనకి తోడొస్తోంది. ఇంట్లో తనని బకెట్టు కూడా ఎత్తనివ్వదు. అలాంటి మనిషిని మోసం చేశాను, ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది.

"నేనే చెబుతానమ్మా," అని బయటికొచ్చింది.

అత్తగారు బల్ల మీద కాళ్ళు చాపుకుని వారపత్రిక చదువుకుంటోంది. కోడల్ని చూసి కళ్ళజోడు తీసింది.

"అదేమిటే, అప్పుడే అయిపోయిందా?"

"అత్తయ్యా, నాకు నొప్పి లేదు. ఎప్పుడో తగ్గిపోయింది. కాసేపు ఎవరూ పిలవకుండా పడుకోవచ్చని అబద్ధమాడాను." కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మీరు ఆ మోకాలితో మెట్లెక్కుతుంటే చూస్తూ కూడా నోరు విప్పలేదు. ఏమంటారో అనండి, పడతాను."

అత్తగారు వారపత్రిక మడిచి సంచిలో పెట్టింది. అటూ ఇటూ చూసింది.

"మావాడికి చెప్పావా?"

"లేదు."

"మీ మామయ్యకి?"

"మీకే ముందు చెబుతున్నా అత్తయ్యా."

"సరే, చెప్పకు. వచ్చే వారం నుంచి నేను వేయించుకుంటాను. నువ్వు తోడు రా."

కోడలు ఇంకా కుంగిపోయింది. "అసలు మీకే ముందు వేయించాల్సింది. నా సుఖం నేను చూసుకున్నాను గానీ, మీ మోకాలు నాకు కనబడలేదు."

అత్తగారు లేచింది. సంచి భుజాన వేసుకుని, కమ్మీ ముట్టుకోకుండా టకటకా మెట్లు దిగిపోయింది. కోడలు నోరు తెరుచుకుని వెనకాలే పరిగెత్తింది. కింద మెట్టు మీద అత్తగారు ఆగి, గొంతు తగ్గించింది.

"ఆ డాక్టరమ్మ గట్టిదిలా ఉంది. ఇంతకీ నాకు నొప్పి ఏ మోకాలికని చెప్పానే ఇంట్లో?"