దేవదూత పాదం మీద సైకిలు

నవంబరు వానలో కారాపి, చర్చి పక్కింట్లో ఉండే అసుంత చేత తాళం తీయించాడు ఫియొరెంజో. గోడమీది దేవదూత బొమ్మను చూసి మురిసిపోయిన భార్య ఒర్నెల్లా అంతలోనే వంగింది.

“పాదం మీద సైకిలు బొమ్మ గీకాడు, ఎవడో వెధవ!”

“మా తమ్ముడేనన్నారమ్మా అందరూ,” అంది అసుంత. “వాడికి సైకిళ్ల పిచ్చి. తను కాదని వాడెంత ఏడ్చినా నాన్న చావగొట్టాడు. పోనుపోను తనే గీశానని వాడూ నమ్మేశాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఈ పాదం ముందు మోకరిల్లి క్షమించమంటాడు.”

యాభై ఏళ్ల కిందట బడిపిల్లలతో ఇక్కడికి వచ్చినప్పుడు జేబులో దాచుకున్న మేకు, ఫియొరెంజో అరచేతిలో ఇప్పుడు గుచ్చుకున్నట్టయింది.

“పదండి,” అంది అసుంత. “నవంబరులో ఇక్కడ హోటళ్లేవీ తెరవరు. తమ్ముడు పప్పు సూప్ కాచాడు, మా ఇంట్లోనే తిందురుగాని.”

“తాళం వెయ్యకక్కా,” అన్నాడు ఫియొరెంజో. “ముందు మీ తమ్ముణ్ణి ఇక్కడికి పిలువు. మోకరిల్లాల్సింది నేను.”