గొట్టం చివర ఊపిరి

బోహాయ్ సముద్రం ఒడ్డున ఉన్న తమ చెరువు తూము దగ్గర వల చిరిగిందని ఆ దంపతులకు చీకటి పడ్డాకే తెలిసింది. పోటు తీసేలోగా కట్టకపోతే మూడేళ్లు సాకిన సముద్ర దోసకాయలనే మెత్తటి జీవాలు నీళ్లతోపాటు కొట్టుకుపోతాయి. వెన్‌కుయ్ రబ్బరు సూటు తొడుక్కుని, ఊపిరికి గాలి గొట్టం అందుకున్నాడు.

"గొట్టం వదిలేసి కునుకు తీయకే," అన్నాడు భార్యతో.

"నువ్వు అడుగున కాపరం పెట్టకుండా తొందరగా రా," అంది షౌయున్.

అతను మునిగాడు. గట్టు మీద గొట్టంలోకి గాలి కొట్టే యంత్రం దడదడలాడుతోంది. షౌయున్ గొట్టం పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కింది నుంచి రెండుసార్లు గుంజారు. అది పైకి లాగమని గుర్తు. ఆమె గబగబా లాగసాగింది. ఎన్నడూ లేనంత బరువుగా ఉంది.

"షౌయున్!"

కేక అవతలి గట్టు నుంచి వచ్చింది. టార్చి అటు తిప్పింది. వెన్‌కుయ్ తడిసి వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"వల కట్టేశాను. గొట్టం నోట్లోంచి ఊడిపోతే ఎలాగో ఇటు తేలాను. ఇక యంత్రం ఆపెయ్!"

ఆమె చెయ్యి మీట దాకా వెళ్లింది. చెరువు నడుమ బుడగలు లేస్తున్నాయి. కాసిన్ని లేచి ఆగి, మళ్లీ కాసిన్ని, మనిషి ఊపిరి తీసి వదిలినట్టు. గొట్టాన్ని మళ్లీ రెండుసార్లు గుంజారు. ఈసారి మెల్లగా, ఓపిక లేనట్టు.

"ఆపవేమే? చెవుడా నీకు?"

"ఆపితే..." ఆమె టార్చి బుడగల మీదికి తిప్పింది. "ఆపితే, కింద ఉన్నవాళ్ల గతేంటయ్యా?"

షౌయున్ మీట మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులా గొట్టం పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.