బంద్ నాడు బుకింగ్

"ఈ కొత్త గేమ్ ఇంకో రెండు కాపీలకే బుకింగ్ ఉందండి. రిలీజ్ రోజు వస్తే దొరకదు," అన్నాడు మాదాపూర్ గేమ్స్ షాపు పార్థసారథి. తెలంగాణ బంద్ కాబట్టి షట్టర్ సగమే ఎత్తాడు.

మొదటి జీతం జేబులో పట్టుకున్న కిరణ్ పాల్ ఆయన మాట వినడం లేదు. తన ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వచ్చిన అక్క ప్రశాంతిని అనుమానంగా చూస్తున్నాడు. ఆ వీడియో గేమ్‌లో తప్పులు వెతికే పని ఆమె కంపెనీదే.

"ఎట్లుందక్కా? జర చెప్పు."

"బయట చెప్పొద్దని సంతకం తీసుకున్నర్రా. ట్రైలర్ చూసినవు గద."

"ట్రైలర్ ముచ్చట నాకెరికే. ఇయ్యాల హైటెక్ సిటీ మొత్తం బంద్. మిమ్మల్నే ఎందుకు పిలిచిన్రు? ఆట మంచిగ తయారైతే గింత ఆగమేంది?"

"రిలీజ్ ముంగట గట్లనే ఉంటది."

"మరి నువ్వెందుకు బుక్ చెయ్యలే?"

"మాకు ఫ్రీగ ఇస్తరు. ఇయ్యాలనే పంచిన్రు."

కిరణ్ పాల్ ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దా! ఇంక కొనుడెందుకు? ఇటియ్యి."

ప్రశాంతి రోడ్డు వైపు చూసింది.

"తెచ్చుకోలే."

"ఎందుకు?"

"బ్యాగుల జాగ లేకుండెరా."

కిరణ్ పాల్ జేబులోంచి ఉత్త చెయ్యి బయటికి తీసి, అక్క బ్యాగు తన భుజాన వేసుకుని, షట్టర్ కింద వంగి బయటికి నడిచాడు.

బ్యాగులో ఖాళీ టిఫిన్ డబ్బా ఒక్కటే అటూ ఇటూ దొర్లుతోంది.