చిన్నమ్మ

"యాదలక్ష్మీ."

మేడం పిలిచింది. పిల్ల కిటికీలోంచి వంటగది వైపు చూస్తోంది.

"యాదలక్ష్మీ."

నాగరాణి మోచేత్తో పిల్ల డొక్కలో పొడిచింది. "పిలుస్తున్నరు. చెవుల దూది పెట్టుకున్నవా?"

పిల్ల ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకుంది.

"అన్నం గంటన్న వినబడుతదా బిడ్డా?" అంది శ్రీదేవి మేడం నవ్వుతూ.

పిల్ల వినబడుతుందన్నట్టు తల ఊపింది.

కల్వకుర్తి దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడి అది. జూన్ రెండో వారం. ఆరో తరగతిలో ఒకటే సీటు మిగిలింది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లకే ఇవ్వాలి. స్వచ్ఛంద సంస్థలో పనిచేసే ఎస్తేరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఆ మాట చెప్పిపోయింది. పొద్దున మొదటి బస్సుకే నాగరాణి పిల్లను వెంటపెట్టుకొని వచ్చింది.

"నువ్వేమైతవమ్మా?"

"చిన్నమ్మను. వాళ్లమ్మ సుక్కమ్మ నా సొంత అక్క."

ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. నాలుగేళ్ల కింద పుణేలో బిల్డింగు మీంచి పడిన తండ్రిది ఒక మరణ సర్టిఫికెట్. తల్లిది ఒకటి. పిల్ల ఆధార్ జిరాక్సు. అన్నింటి మీదా ముద్రలు సరిగ్గానే ఉన్నాయి.

మేడం ఆధార్‌లో ఫొటో చూసింది. పిల్లను చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

"పోల్చుకునేటట్టే లేదు."

"ఐదేండ్లప్పుడు దిగింది మేడం. అప్పుడు బుగ్గలుండె."

"తల్లి ఎట్ల పోయింది?"

"పోయిన వానకాలం. నాలుగొద్దులు ముసురు ఆగలే. మట్టిగోడ నానింది. పండుకున్న జాగలనే..."

నాగరాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

మేడం పిల్ల వైపు తిరిగింది. "గోడ కూలిన నాడు నువ్వేడ ఉన్నవు?"

"మా ఇంట్ల."

మేడం నాగరాణి వైపు చూసింది.

"మా ఇంట్లంటే, మా ఇంట్ల," అంది నాగరాణి గబుక్కున. "నా తాన ఉండె. దీనికి మాట్లాడుడు సరిగ రాదు మేడం."

"మరి ఇప్పుడు కూడ నీ తాననే ఉంచుకోరాదా? అక్క బిడ్డ పరాయిదా?"

"నా పెనిమిటి సాదనియ్యడు. సీటు రాకుంటే ఆగస్టుల విత్తన పత్తికి పోతది. పూలకు పుప్పొడి రుద్దే పని. నిరుడు మందు వాసనకు చేన్లనే పడిపోయింది. రెండొద్దులు దవాఖానల ఉన్నది."

మేడం పిల్ల చెయ్యి పట్టుకొని చూసింది. బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి ఉంది.

"నీకు పిల్లలెందరు?"

"ఒక్కతే బిడ్డ. దీని ఈడుదే."

"అది చదువుతున్నదా?"

"దానికి అమ్మ, నాయిన ఉన్నరు గద మేడం," అంది నాగరాణి. "దానికి సీటెవరిస్తరు?"

మేడం రిజిస్టరు తెరిచి పేరు రాసింది.

పిల్లకు ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఇచ్చారు. రెండు జతల బట్టలు, దుప్పటి, సబ్బు, స్టీలు పళ్లెం ఇచ్చారు. పిల్ల సబ్బును రెండుసార్లు వాసన చూసి, పెట్టెలో పెట్టి, మళ్లీ తీసి చూసింది. పెట్టె గొళ్లెం టక్కుమని పడుతుంటే దానికి నవ్వొచ్చింది. పొద్దటి నుంచి అదే మొదటి నవ్వు.

మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు పెట్టారు. పిల్ల గుడ్డును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క తెచ్చి నాగరాణి చేతిలో పెట్టబోయింది.

"నీకు పెట్టింది నువ్వే తిను," అంది నాగరాణి. "గిట్ల పంచుకుంట తిరిగితే ఇక్కడ ఉండనియ్యరు."

పిల్ల ఆ ముక్కను పళ్లెంలోనే ఉంచి, అన్నం తినడం ఆపేసింది.

హాస్టల్ ఆయమ్మ నర్సింగమ్మ ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. "రాయి గుండె," అంది పక్కనున్న వంటామెతో. "తన బిడ్డనైతే గిట్ల కసురుతదా?"

గేటు దగ్గర నాగరాణి వంగి పిల్ల రిబ్బను బిగించింది.

"చెప్పినయన్ని యాదికున్నయా?"

"ఉన్నయి."

"ఇంకొకసారి చెప్పన్నా?"

"వద్దు."

నాగరాణి గబగబా నడిచింది. వెనక పిల్ల గేటు చువ్వలు పట్టుకుంది. "చిన్నమ్మా" అని పిలిచింది. ఏడుస్తూ పిలిచింది. వెక్కిళ్ల మధ్య పిలిచింది. అన్నిసార్లూ చిన్నమ్మా అనే పిలిచింది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

నాగరాణి వెనక్కి తిరిగి చూడలేదు.

"చూసినవా?" అంది నర్సింగమ్మ. "ఒక్క చుక్క కన్నీరు లేదు."

సాయంత్రం బస్సులో పొద్దుటి కండక్టరమ్మే ఉంది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టడానికి ఆధార్ చూపించమంది. నాగరాణి జాకెట్‌లోంచి తడుముకుంటూ ఒక కార్డు తీసి ఇచ్చింది.

"ఇదేందమ్మా, నీది అడిగితే పిల్లదిస్తివి?" కండక్టరమ్మ ఫొటోను దగ్గరగా చూసింది. "పొద్దున నీతోటి వచ్చిన పిల్లనే గదా. మంచిగ దిగింది."

నాగరాణి కార్డు వెనక్కి తీసుకొని, దాన్ని అరచేతుల మధ్య పెట్టుకొని కిటికీ వైపు తిరిగింది.

ఆ కార్డు మీది పేరు త్రివేణి, నాగరాణి కన్నబిడ్డ; యాదలక్ష్మి పోయిన వానకాలమే తల్లి పక్కన పండుకొని అదే గోడ కింద పోయింది, పిల్ల చావుకు సర్టిఫికెట్ తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.