అక్కడ ఎవరూ లేరు

"పెన్ను మూత ఏది?"

"మీ జేబులో చూసుకోండి."

"జేబులో ఉంటే నిన్నెందుకు అడుగుతాను? చాకలి చీటీ రాసి నువ్వే ఎక్కడో పడేశావు."

"చాకలి చీటీ నేను పెన్సిల్‌తో రాస్తాను. పెళ్లై పన్నెండేళ్లయినా మీకా సంగతి తెలియదు" అంది దేవకృప.

మూత దొరకకముందే గుమ్మంలోకి బాబూరావు వచ్చాడు. బోయిగూడలో ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించే మునిసిపల్ ఆఫీసు గుమాస్తా.

"రిచర్డ్ సార్, పంచనామా. సాక్షి సంతకం గావాలె."

రిచర్డ్ కంటే ముందు దేవకృప ఆ కాగితం అందుకుని చదివింది.

పదిహేను రోజుల కిందటే నోటీసు ఇచ్చారట. ఈ ఇంటి ప్రహరీగోడ పక్కన ఎవరూ నివసించడం లేదట. పాత సామాను మాత్రమే ఉందట.

ఆ గోడ పక్కనే కాపురముండే ముసలి లచ్చమ్మ చీపురుకట్టలు నేలకేసి కొట్టి సమం చేస్తున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"నోటీసు ఎప్పుడిచ్చారు?"

"ఇచ్చినట్టేనమ్మా. ఒక్కొక్కరికి ఇచ్చుకుంట కూసుంటే రోడ్డు ఖాళీ అయితదా?"

"మరి ఆ మనిషి?"

"ఏ మనిషి?" బాబూరావు నవ్వాడు.

రిచర్డ్ కూడా నవ్వి సంతకం పెట్టాడు. "పోనీలే, ఆ పొయ్యి పొగ పీడ వదులుతుంది."

గంటలో లారీ వచ్చింది.

"కాయిదం సూపియ్యి!" లచ్చమ్మ అడ్డం నిలబడింది. "నోటీసు లేకుండ ముట్టద్దని జడ్జిసాబ్ చెప్పిండు!"

"ఏ జడ్జిసాబ్? నీ మేనమామనా?"

కూలీలు పగలబడి నవ్వారు.

"పెద్దసారూ, జెర నువ్వన్న చెప్పు!"

వరండాలో రిచర్డ్ తండ్రి జకర్యా పేపర్లోంచి తల ఎత్తలేదు.

లారీలో గిన్నెలు, గోనెపట్టాలు, చీపురుకట్టలు, వాటి మీద లచ్చమ్మ. మౌలాలి అవతల దింపేస్తారని ఎవరో అన్నారు.

బాబూరావు ఆమె పొయ్యిరాళ్లను బూటుతో కాలువలోకి తన్ని, ఆ బూట్లతోనే లోపలికొచ్చి మంచినీళ్లు అడిగాడు. రిచర్డ్ ఫ్రిజ్‌లోంచి చల్లటివి తెచ్చి ఇచ్చాడు.



మధ్యాహ్నం భోజనాల దగ్గర రిచర్డ్ మారు పప్పు వేసుకున్నాడు.

"చూశావా, గేటు ముందు ఎంత శుభ్రంగా ఉందో!"

దేవకృప కంచం పక్కకు జరిపింది.

"సోమవారం నేను కోర్టుకెళ్తున్నాను. నోటీసు ఇవ్వలేదని, మీ సాక్ష్యం అబద్ధమని రాసిస్తాను."

"పిచ్చా నీకు? రోడ్డు వెడల్పులో పోవాల్సిన ఇల్లు మనది. ఇరవై ఏళ్లుగా కోర్టు స్టే మీద నిలబడి ఉంది. ఇప్పుడు ఆఫీసు వాళ్లతో తగువా? నాన్నా, మీరైనా చెప్పండి!"

జకర్యా చేయి అన్నంలోనే ఆగిపోయింది.

"వెళ్లనీ" అన్నాడు, తల దించుకునే. "మేడలున్నవాళ్ల పేర్లు ముందుంటే జడ్జికి జాలి పుట్టదన్నాడు అప్పటి మన వకీలు. అందుకే కేసు లచ్చమ్మ పేరున వేయించాం. మన ఇంటికీ ఆ స్టే వచ్చింది ఆమె వేలిముద్ర మీదే."